పుష్ రాడ్ అందాజ్ మీద వేసేది కాదు భాయ్

"పాత రాడ్లే వేసెయ్, తేడా ఉంటే ట్యాపెట్ స్క్రూ దగ్గర సర్దుకుందాం." మన షెడ్డుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అనే ఉస్తాద్ చెడ్డవాడు కాదు, ముప్పై ఏళ్ల తజుర్బా ఉన్నవాడు. అయినా ఈ మాట గల్తీ అని నా రాయ్.

మా అబ్బా మర్హూమ్ నడిపిన టాటా 1210 లారీ ఇంకా మా దగ్గరే ఉంది. 1954లో డైమ్లర్-బెంజ్ తో టెల్కో కలిసి మొదలుపెట్టిన లారీల ఖాందాన్ లోది. కిరాయికి పనికిరాదు, నిషానీగా ఉంచుకున్నాం. రెండేళ్ల కిందట ఇంజన్ మొత్తం విప్పించాం. బోరింగ్ చేశారు, హెడ్ ఫేసింగ్ చేశారు, వాల్వ్ సీట్లు కోశారు. స్టార్ట్ చేస్తే మాషా అల్లాహ్, కొత్తదానిలా పలికింది. మూడో నెలలో ఒక సిలిండర్ చచ్చింది. విప్పితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోయి ఉంది. పన్నెండు పుష్ రాడ్లూ తీసి అద్దం మీద వరసగా పేర్చాను. పదకొండు ఒక్క తీరుగా ఉన్నాయి, పన్నెండోది ఒకటిన్నర మిల్లీమీటర్ పొడుగు. వేరే ఇంజన్ దట! పాతది వంగి ఉంటే దొరికింది వేసేశారు. దాని స్క్రూ చివరిదాకా వెనక్కి తిప్పేశారు, అయినా గ్యాప్ చాలలేదు. ఇంజన్ వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోలేదు. మూసుకోని వాల్వ్ పక్కనుంచి మంట వెళ్తే అది కాలక ఏం చేస్తుంది? "నసీబ్ భాయ్" అన్నాడు ఉస్తాద్. నసీబ్ కి వెర్నియర్ పట్టడం రాదు కదా.

అన్ని రాడ్లూ కంపెనీవే అయినా విషయం అక్కడితో తీరదు. కంపెనీ రాడ్ కంపెనీ కొలతల ఇంజన్ కోసం. మనం విప్పి కట్టినది ఆ కొలతల్లో ఉండదు. హెడ్ ని అర మిల్లీమీటర్ ఫేసింగ్ చేస్తే రాకర్ షాఫ్ట్ అంతే కిందికి దిగుతుంది, రాడ్ ముట్టుకోకుండానే అర మిల్లీమీటర్ పొడుగైనట్టు. బ్లాక్ పైభాగం కోసినా అంతే. గ్యాస్కెట్ మందమైనది వేస్తే ఉల్టా. క్యామ్ షాఫ్ట్ గ్రైండింగ్ చేయిస్తే దాని గుండ్రని వైపు తరిగి ట్యాపెట్ కిందికి కూర్చుంటుంది, రాడ్ పొట్టి అవుతుంది. కొన్నిసార్లు ఇవి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి, కొన్నిసార్లు ఒకే వైపు పోగవుతాయి. ఏది జరిగిందో కళ్లు చెప్పలేవు.

కుర్రాళ్లది ఇంకో తీరు. మా భాంజా ఫోన్ లో అమెరికా వీడియో చూపించి, "మామూ, రాడ్ 7.8 అంగుళాలు ఉండాలట, రాకర్ మొన వాల్వ్ మధ్యలో కూర్చోవాలంటే రాడ్ మార్చాలట" అన్నాడు. వాడి శౌఖ్ నాకు నచ్చింది. కానీ అది షెవర్లే స్మాల్ బ్లాక్ ముచ్చట. అందులో ఒక్కో రాకర్ ఒక్కో స్టడ్ మీద నట్టుతో నిలబడుతుంది. రాడ్ పొడుగైతే రాకర్ మొత్తం పైకి లేస్తుంది, అందుకే వాల్వ్ మీద అది ఎక్కడ రుద్దాలో రాడ్ తేలుస్తుంది. మన 1210లో రాకర్లు షాఫ్ట్ మీద గుచ్చి ఉంటాయి, షాఫ్ట్ హెడ్ కి బిగించి ఉంటుంది. ఇక్కడ రాడ్ మారిస్తే స్క్రూ ఎంత బయటికి ఉండాలన్నదే మారుతుంది. వాల్వ్ సీటు లోతుగా కోసి, వాల్వ్ కాడ పైకి లేచి, రాకర్ అంచు మీద రుద్దుతుంటే పొట్టి రాడ్ వేసి ఫాయిదా లేదు. కొత్త సీటు వేయించాలి. లేదా షాఫ్ట్ స్టాండ్ల కింద పలచటి షిమ్ములు వేయాలి, ఆయిల్ పోయే రంధ్రం మూసుకోకుండా. ఇది చూడకుండా వదిలేస్తే వాల్వ్ ని రాకర్ పక్కకు తోస్తూనే ఉంటుంది. గైడ్ అరుగుతుంది, ఆయిల్ లోపలికి దిగి నీలి పొగ మొదలవుతుంది.

కొలవడం కష్టమైన హునర్ కాదు. పాత రాడ్ ఒకటి రెండు ముక్కలు కోసి మధ్యలో మర పెట్టించుకుంటే పొడుగు మార్చే రాడ్ అవుతుంది, ఏ లేత్ లోనైనా చేస్తారు. వేయబోయే మందమే ఉన్న గ్యాస్కెట్ వేసి హెడ్ ని పూర్తిగా బిగించాలి. క్రాంక్ చేత్తో తిప్పి, క్యామ్ గుండ్రని వైపు ట్యాపెట్ కిందికి వచ్చేలా, అంటే వాల్వ్ పూర్తిగా మూసుకునేలా ఆపాలి. స్క్రూ సగం మర మీద ఉంచి, మాన్యువల్ చెప్పిన గ్యాప్ కి ఫిల్లర్ గేజ్ ఆడేదాకా ఆ రాడ్ పొడుగు పెంచాలి. తీసి కొలిస్తే అదే మీ ఇంజన్ అడిగే లెంగ్త్. రాడ్ పై చివర గిన్నెలా ఉంటే అది లోపల అరిగి ఉండొచ్చు, సరిపోయే బాల్ ఒకటి అందులో పెట్టి కొలవండి. వంపు తెలియడానికి అద్దం మీద దొర్లించండి. చివరిగా వాల్వ్ కాడ మీద మార్కర్ ఇంకు పూసి నాలుగు చుట్లు తిప్పి, రుద్దిన గీత మధ్యలో సన్నగా ఉందో, అంచుకు పోయిందో చూడండి.

మదీనా బజార్లో ధాన్యం కుప్పలో రసూలుల్లాహ్ (స) చేయి పెడితే లోపల తడి తగిలిందని సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. తడవడం అతని తప్పు కాదు, దాన్ని పైకి కనబడకుండా కింద ఉంచడం తప్పు. రాకర్ కవర్ బిగించేటప్పుడు నాకు ఆ కుప్పే గుర్తొస్తుంది. సూరా ముతఫ్ఫిఫీన్ కొలతల్లో తగ్గించేవారి మీదే మొదలవుతుంది. దాన్ని మనం తరాజుకీ బియ్యానికీ సంబంధించిందే అనుకుంటాం. ఇంజన్ తెచ్చి ఇచ్చినవాడు అమానత్ ఇచ్చి వెళ్తున్నాడు. కొలవకుండా మూసి పూర్తి మజూరీ తీసుకోవడం ఏమవుతుందో ఉలమాలను అడగక్కర్లేదు, మనసుకే తెలుస్తుంది.

"కొలిచే పనికి పైసలు ఎవడిస్తాడు భాయ్?" అంటారు షెడ్డువాళ్లు. ఇందులో నిజం ఉంది. మా లారీ విషయంలో నేనూ కసూర్ వార్నే. ఈద్ లోపు కావాలని రోజూ ఫోన్ చేశాను, మజూరీలో రెండు వేలు తగ్గించమని జిద్ చేశాను. పూట పనిని నేనే మింగేసి, తర్వాత వాల్వ్, గైడ్, మళ్లీ హెడ్ పని అంటూ దానికి ఎన్నో రెట్లు కట్టాను.

మన పిల్లలు చాలామంది పన్నెండో ఏటో పదిహేనో ఏటో షెడ్డులో షాగిర్దులుగా చేరుతున్నారు. పానా పట్టడం వారంలో వచ్చేస్తుంది. కొలిచి కాగితం మీద రాసుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు. మీ ఇంట్లో అలాంటి పిల్లాడుంటే ఈసారి ఈదీగా వెర్నియర్ ఒకటి కొనివ్వండి. మా భాంజాకు నేను ఇచ్చాను. వాడు మొదట కొలిచింది ఆ పన్నెండో రాడ్డునే. ఆ కొలత లారీ క్యాబిన్ లో, అబ్బా తస్బీహ్ వేలాడదీసే మేకు పక్కన, వాడి చేతిరాతతో అంటించి ఉంది.