పాత ఇంజన్‌కు ఆముదం తాగించకండి

మా ప్రొద్దుటూరులో ఏ షెడ్డుకు పోయి ఆయిల్ మార్చమన్నా ముందుగా వినపడే మాట ఒకటుంది: "బండి లక్ష దాటింది గదన్నా, ఫ్లష్ పోద్దామా?" జమ్మలమడుగులోనూ ఇదే మాట, పులివెందులలోనూ ఇదే మాట. ఇంజన్ లోపల కడుగుతుందని అమ్మే మందు అది, అరచేతిలో ఇమిడే డబ్బా. పాత ఆయిల్ లోపల ఉండగానే పైనుంచి దాన్ని పోస్తారు. బండిని కదిలించకుండా పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచుతారు. తర్వాత కింద నట్టు విప్పితే తారులాంటి నల్లటి ఆయిల్ తొట్టిలోకి దూకుతుంది. "చూడన్నా, ఎంత మురికి ఉండాదో!" అంటారు. బండి యజమాని మనసు కుదుటపడుతుంది.

మన ఇళ్లలో ఒకప్పుడు పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఆముదం తాగించేవాళ్లు. కడుపు కడిగితే ఒళ్లు బాగుపడుతుందని నమ్మకం. ఇంజన్ విషయంలో ఇప్పటికీ ఆ నమ్మకంలోనే ఉన్నాం. అది తప్పని, బండి పాతదైతే ప్రమాదం కూడా అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ నలుపు సంగతి చూద్దాం. ఫ్లష్ పనిచేసిందనడానికి అందరూ చూపించే రుజువు అదొక్కటే. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసి, కడప దాకా పోయి వచ్చి, గేజ్ పుల్ల తీసి చూడండి. అప్పటికే నల్లబడి ఉంటుంది. ఆయిల్‌లో కాల్షియం, మెగ్నీషియం కలిసిన డిటర్జెంట్లు ఉంటాయి. మసి ఒకచోట పేరుకోకుండా విడదీసి తేలుతూ ఉంచే మందులు కూడా ఆయిల్ కంపెనీవాడే కలిపి ఉంటాడు. నల్లబడిందంటే ఆ మందులు మసిని పట్టుకున్నాయని అర్థం. ఫ్లష్ పోయకుండా నట్టు విప్పినా తొట్టిలో పడేది అంతే నలుపు. పోసిన బండి ఆయిల్‌ను, పోయని బండి ఆయిల్‌ను రెండు గాజు గ్లాసుల్లో పట్టి పక్కపక్కన పెట్టి చూపించిన షెడ్డు నాకు ఇంతవరకు కనపడలేదు.

ఆ డబ్బాలో ఉండేది ఎక్కువ భాగం కిరసనాయిలు జాతి పల్చటి ద్రవం, దానికి తోడు కొంత డిటర్జెంట్. మూడు లీటర్ల చిల్లర ఆయిల్ పట్టే చిన్న డీజిల్ ఇంజన్‌లో మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు పోస్తే ఆయిల్‌లో పదో వంతు పల్చబడినట్టే. క్రాంక్‌కూ షెల్ బేరింగ్‌కూ మధ్య సందు మన వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో నిలిచే ఆయిల్ పొరే ఇనుమును ఇనుము ఒరుసుకోకుండా కాపాడాలి. ఆయిల్ ప్రెషర్ అన్నిటికంటే తక్కువగా ఉండేది ఎప్పుడు? ఇంజన్ వేడెక్కి, నిమిషానికి 800 తిప్పుల దగ్గర ఊరికే తిరుగుతున్నప్పుడు. సరిగ్గా ఆ పది నిమిషాలకే మనం ఆయిల్‌ను నీళ్లు చేస్తున్నాం. అరిగిన బేరింగులున్న పాత ఇంజన్‌కు ఇంతకంటే గడ్డుకాలం లేదు.

దీనికంటే పెద్ద ప్రమాదం కదిలిన మురికిది. ఏళ్ల తరబడి ట్యాపెట్ కవర్ కింద, అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ మూలల్లో అంటుకున్న మడ్డి అక్కడ ఉన్నంతకాలం పెద్దగా హాని చేయదు. అది పెచ్చులుగా ఊడితేనే చిక్కు. నట్టు విప్పగానే అంతా బయటికి రాదు, చాలావరకు ఛాంబర్ అడుగున దిగబడుతుంది. ఆయిల్ పంపు నోటికి ఒక జల్లెడ ఉంటుంది. పెచ్చులు పోయి దానికి అడ్డం పడతాయి. దాన్ని దాటిన నుసి ఫిల్టర్‌ను పూడుస్తుంది. ఫిల్టర్ పూడుకుంటే ఇంజన్ ఎండిపోకూడదని అందులో ఒక వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌ను నేరుగా బేరింగులకు పంపుతుంది. టర్బో ఉన్న బండైతే నిమిషానికి లక్ష తిప్పులు దాటి తిరిగే షాఫ్టుకు ఆ నుసే అందుతుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి రాస్తున్నది కాదు. 2019 ఎండాకాలం. నా డీజిల్ కారు అప్పటికి 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. నాకంటే ముందు నడిపినాయన ఆయిల్ ఎప్పుడు మార్చినాడో, అసలు మార్చినాడో లేదో లెక్క లేదు. పాతది కదా, కడిగిస్తే మంచిదని నేనే అడిగి మరీ ఫ్లష్ పోయించుకున్నాను. మూడో రోజు పెళ్లికని పులివెందులకు పోతుంటే ముద్దనూరు దాటినాక ఆయిల్ ఎర్రదీపం వెలిగింది. వెంటనే ఆపేశాను కాబట్టి ఇంజన్ పట్టేయలేదు. ట్రాక్టరుకు తాడు కట్టి షెడ్డుకు చేర్చినాం. అక్కడి ముసలి మెకానిక్ ఛాంబర్ దింపి, జల్లెడ ఊడదీసి, నా అరచేతిలో పెట్టినాడు. కాఫీ ఫిల్టర్ అడుగున మిగిలే పిప్పి లాంటిది అంగుళం జాగా వదలకుండా కప్పేసి ఉంది. గోటితో గీకితే పొరలు పొరలుగా లేచింది.

"ఏంది భాయ్ ఇది?" అన్నాను.

"ఇది ఈ మూడు దినాల్లో పుట్టింది కాదు సార్. ఇన్నేండ్లూ గోడకంటుకుని దాని పాటికది ఉండాది. మీరు కదిలించినారు, వచ్చి గొంతులో అడ్డం పడింది."

షెల్ బేరింగుల మీద గీతలు వేలికి తగిలినాయి. అవి మార్చక తప్పలేదు.

"పదేండ్లుగా పోయిస్తున్నా, నా బండికేమీ కాలేదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజమే చెప్తున్నారు. వాళ్లను అడిగి చూడండి, టైముకు ఆయిల్ మార్చేవాళ్లే అయి ఉంటారు. వాళ్ల ఇంజన్లో మడ్డే లేదు, కాబట్టి ఫ్లష్‌కు చేయడానికి పనే లేదు. శుభ్రంగా ఉన్న ఇంజన్‌కు అది అక్కర్లేదు, మడ్డి పట్టిన ఇంజన్ దానికి తట్టుకోదు. ఒక్కచోట మాత్రం నేను ఒప్పుకుంటాను: పిస్టన్ రింగులు కార్బన్‌తో బిగుసుకుని బండి ఆయిల్ తాగుతుంటే, హెడ్ దింపే ముందు ఆఖరి ప్రయత్నంగా కరిగించే మందు వాడి చూడటంలో అర్థముంది. అది రోగం తెలిసి చేసే వైద్యం. ఆయిల్ మార్చిన ప్రతిసారీ అందరికీ పోసేది వైద్యం కాదు.

"నట్టు విప్పినా పాత ఆయిల్ మొత్తం దిగదు, కొత్తదాంట్లో కలుస్తుంది, అందుకే కడగాలి" అని ఇంకో వాదన. ఆలోచించదగ్గ వాదనే. కానీ పాత ఆయిల్ దిగకుండా మిగిలే ఆ సందుల్లోనే ఫ్లష్ కూడా మిగులుతుంది కదా! కొంచెం పాత ఆయిల్ కలిస్తే కొత్త ఆయిల్ కాస్త ముందుగా నల్లబడుతుంది, అంతే. ఫ్లష్ కలిస్తే కొత్త ఆయిల్ కూడా పల్చబడుతుంది. జనరల్ మోటర్స్ అయితే అమెరికాలో తన బళ్లతో ఇచ్చే పుస్తకంలో ఇంజన్ ఫ్లష్ తాము సిఫార్సు చేయమని, దానివల్ల ఇంజన్ చెడితే వారంటీ రాదని అచ్చు వేసింది. మన పల్లె రోడ్ల మీద జనాన్ని కుక్కుకుని తిరిగిన తవేరాలు ఆ కంపెనీవే.

ఈ అలవాటుకు మూలం లేకపోలేదు. వెనకటి ఆయిళ్లలో డిటర్జెంట్ తక్కువ, మడ్డి ఎక్కువ. అంబాసిడర్ల నాటి మెకానిక్కులు డీజిలో కిరసనాయిలో పోసి కడిగేవాళ్లు. ఆయిల్ మారిపోయింది, అలవాటు మాత్రం డబ్బా రూపంలో మిగిలింది.

అసలు మన వైపు బళ్లలో మడ్డి ఎందుకు పేరుకుంటుంది? ప్రొద్దుటూరులో కారు ఇంటి నుంచి బంగారు అంగళ్లకు, అక్కడి నుంచి బస్టాండుకు, రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన ఆవిరి నీరై ఆయిల్‌లో కలుస్తుంది. మూత తీస్తే వెన్నలాంటి తెల్లటి జిగురు కనపడేది అందుకే. ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగలేదని రెండు మూడేండ్లు ఆయిల్ మార్చరు. కల్యాణమండపాల ముందు మే నెల ఎండలో ఏసీ కోసం గంటల తరబడి ఇంజన్ ఆపరు. బ్రీదర్ పైపు పూడుకున్నా చూసేవాళ్లుండరు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు తిరిగే బళ్లకు నాపరాళ్ల గనుల దుమ్ము, సిమెంటు లారీల దుమ్ము తోడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగి ఉంటే ఆ దుమ్ము ఆయిల్‌లో చేరి సాన పెట్టినట్టు సిలిండర్లను అరగదీస్తుంది. వీటిలో దేనికీ ఆ డబ్బాలో మందు లేదు.

మడ్డి పట్టిందని అనుమానముంటే ట్యాపెట్ కవర్ విప్పి కళ్లతో చూడండి. దట్టంగా ఉంటే ఛాంబర్ దింపించి జల్లెడను చేత్తో కడిగించండి. ఒక పూట పని. కొద్దిగా ఉంటే మంచి ఆయిల్ పోసి, మొదటిసారి రెండు వేలకే ఫిల్టర్‌తో సహా మార్చండి, తర్వాత రెండు మూడు సార్లు ఐదు వేలకు మార్చండి. ఆయిల్‌లో ఉన్న డిటర్జెంటే ఆ మడ్డిని కొంచెం కొంచెంగా, ఫిల్టర్ పట్టుకోగలిగినంత సన్నగా కరిగిస్తుంది. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికొకసారి మార్చడం మానొద్దు.

మొన్న ఆ ముసలి మెకానిక్ షెడ్డులో కూర్చుని ఉంటే జమ్మలమడుగు నుంచి ఒక బొలెరో వచ్చింది. నడిపే పిల్లోడు ఫ్లష్ డబ్బా కొని వెంట తెచ్చుకున్నాడు. భాయ్ దాన్ని పక్కన పెట్టి, ఎయిర్ ఫిల్టర్ తీసి గచ్చు మీద రెండుసార్లు తట్టినాడు. దోసెడు తెల్లటి దుమ్ము రాలింది. పిల్లోడు కొంతసేపు దాన్నే చూస్తా నిలబడినాడు. "ఆ డబ్బా వాపసిచ్చి ఈ ఫిల్టర్ కొనుక్కో పో నాయనా. వచ్చినాక బండిని పెన్న వంతెన దాకా తిప్పుకుని రా. ఆయిల్ కాగి ఉండంగానే నట్టు విప్పుతా, మురికి దాంతోపాటే దిగుతుంది" అని స్పానర్ అందుకున్నాడు.