చందాలతో నడచు సామాజిక వేదిక

మన పాఠశాల పూర్వ విద్యార్థులలో కొందఱు ఈ యేడు ఒక యాలోచనను మన యెదుట నుంచిరి. పెద్ద కంపెనీల చేతిలోనున్న సామాజిక మాధ్యమములపై నాధారపడక, సభ్యులు వేసికొను చందాలతోను, జీతము పుచ్చుకొనని వారి సేవతోను నడచునట్టి యొక వేదికను ఇంటర్నెట్టునందు మనమే స్థాపించుకొనరాదా యనునదియే యా యాలోచన. స్థాపించుకొనవచ్చుననియే మా యభిప్రాయము. అయితే దీనినిగూర్చి మాటలాడువారందఱును మొట్టమొదట సొమ్ము సంగతి యెత్తుచున్నారు. సొమ్ము చాలక మూతపడుటకంటె, చూచుకొనువారు అలసిపోయి మూతపడుటనుగూర్చియే మనమెక్కువ భయపడవలెనని మేము తలంచుచున్నాము.

ఉన్నవి చాలవా యని తలిదండ్రులు కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఫేసుబుక్కులో గాని, ఇన్‌స్టాగ్రాములో గాని చేరుటకు చందా యియ్య నక్కఱలేదు. వాని యజమానియైన మెటా కంపెనీ రాబడిలో మిక్కిలి పెద్ద భాగము ప్రకటనలు వేయించువారివలన వచ్చుచున్నది. ప్రకటనలు పాపము కాదు. వార్తాపత్రికలును వానితోనే బ్రదుకుచున్నవి. కాని పత్రిక చదువువాడు ఏ పుటయొద్ద నెంతసేపు ఆగెనో పత్రికాధిపతికి తెలియదు. ఇచ్చట తెలియును. తెలిసినదానినిబట్టియే మఱునాడు మన కన్నుల యెదుట నేమి పెట్టవలెనో నిర్ణయింపబడును. కోపము పుట్టించు మాటయొద్ద మనుష్యుడు ఎక్కువసేపు నిలుచుట లోకస్వభావము గనుక, అట్టి మాటలకే యగ్రాసనము దొరకుచుండుట మనమందఱమును చూచుచున్నాము.

మఱియొక చిక్కు యాజమాన్యమును గూర్చినది. మన పూర్వ విద్యార్థులలో నలుబది యేండ్లకు దగ్గఱపడినవారు ఆర్కుట్టును మఱచియుండరు. అది 2014 సెప్టెంబరు 30వ తేదీన మూయబడెను. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిలులో మూయబడెను. మన దేశభాషలలో వ్రాసికొనుడని బెంగుళూరిలో పుట్టిన ‘కూ’ 2024 జూలైలో ఆగిపోయెను. ట్విట్టరును 2022 అక్టోబరులో ఈలాన్ మస్కు 4,400 కోట్ల డాలర్లకు కొనెను. మఱుసటి యేట దాని పేరే మాఱిపోయెను. ఈ నాలుగు సందర్భములలోను, అచ్చట దినదినము వ్రాయుచుండినవారి సమ్మతిని ముందుగా నడిగినవారు లేరు. అద్దె యింటిలో గోడకు మేకు కొట్టుటకైనను యజమాని ననుమతి యడుగుదుము. ఇచ్చట గోడయే మాయమగుచున్నది.

దీనికి మాఱుగా నున్న మార్గములలో మాస్టడాన్ అనునది మాకు బాగుగా దోచినది. యూజెన్ రోచ్కో అను జర్మనీ దేశపు యువకుడు దీనిని 2016లో లోకమునకు విడుదల చేసెను. దీని సాఫ్టువేరును ఎవ్వరైనను వెల లేకుండ తీసికొని తమ సర్వరుపై నడుపుకొనవచ్చును. ఒక్కొక్క సర్వరు ఒక్కొక్క ఊరి తపాలాఫీసు వంటిది. గుంటూరి తపాలాఫీసులో వేసిన ఉత్తరము బెర్లినునకు చేరినట్లే, ఒక సర్వరులోని సభ్యుడు వేఱొక సర్వరులోని సభ్యునితో మాటలాడగలడు. ఇందులకైన ఉమ్మడి నియమావళి ఆక్టివిటీపబ్ అనునది. వెబ్బు ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూ-త్రీ-సీ సంస్థవారు దానిని 2018 జనవరిలో ఆమోదించిరి. ప్రకటనలు లేవు. ఒక సర్వరు నచ్చకపోయినచో తన్ను అనుసరించువారిని వెంటబెట్టుకొని వేఱొకదానికి తరలిపోవచ్చును; పాత వ్రాతలు మాత్రము వెంట రావు. ఇది చిన్న లోపము కాదు, ముందే తెలిసియుండుట మేలు.

ఇక ఖర్చు. సర్వరునకు నెలసరి అద్దె, పేరునకు ఏటేట రుసుము, ప్రతులను భద్రపఱచుటకు మఱికొంత. వ్రాతలకు పట్టు స్థలము స్వల్పము. స్థలమును మ్రింగునవి బొమ్మలును వీడియోలును. అదియును మన సభ్యులు పెట్టినవి మాత్రమే కాదు, ఇతర సర్వరులనుండి వచ్చినవాని నకళ్లు సైతము మన సర్వరులో జేరుచుండును. వానిని కొలది దినములకొకసారి తుడిచివేయునట్లు ఏర్పాటు చేసికొననిచో, ఆఱు నెలలకు కోశాధికారి తల పట్టుకొనును. అంతకుమించి ఇందులో గండము లేదు. మన సంఘములలో స్త్రీలు వంట వండుకొనునపుడెల్ల పిడికెడు బియ్యము తీసి వేఱుకుండలో వేసి, ఆదివారమున దేవాలయమునకు దెచ్చుట యెల్లరెఱిగినదే. ఆ పిడికెళ్లతో ఎన్ని గుడులు లేచెనో! సోషల్ కోప్ అను నొక మాస్టడాన్ సర్వరు 2017 నుండి సహకార పద్ధతిని నడచుచున్నది. సభ్యులు చిన్న చందాలిత్తురు, లెక్కలు బహిరంగముగా నుండును, ముఖ్య విషయములను సభ్యులే చర్చించి నిర్ణయింతురు. మనవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

అసలు కష్టము కావలి కాయుటలో నున్నది. పదిమంది చేరినచోట ఎవడో ఒకడు బూతు వ్రాయును. ఒకడు మఱియొకని కులమును ఎత్తిపొడుచును. ఎన్నికల దినములలో పుకారు పుట్టును. ఒక మిషను వారికిని వేఱొక మిషను వారికిని బాప్తిస్మమునుగూర్చి వాదము ముదురును. (ఈ కడపటిది మన యింటి సంగతియే గనుక దాచుట యెందులకు?) అట్టి వ్రాతపై ఫిర్యాదు వచ్చినపుడు ఎవరో ఒకరు దానిని చదువవలెను, ఉంచవలెనో తీసివేయవలెనో తేల్చవలెను. తీసివేసినచో పక్షపాతి యందురు. ఉంచినచో పిఱికి యందురు. ఇది రాత్రి పదునొకండు గంటలకును తప్పదు. జీతము లేదు, కృతజ్ఞత యంతకన్న లేదు. జీతమునకు ఈ పని చేసినవారికే మనస్సు చెదరినది. అమెరికాలో ఇట్టి పనివలన మనోవ్యాధికి లోనైతిమని దావా తెచ్చినవారికి 5 కోట్ల 20 లక్షల డాలర్లిచ్చుటకు ఫేసుబుక్కు 2020లో ఒప్పుకొనినది. అట్లుండగా ఊరక చేయువాని మాట చెప్పవలెనా?

2023 ఫిబ్రవరిలో ‘మాస్టడాన్ డాట్ లోల్’ అను సర్వరును నడుపుచుండిన వ్యక్తి దానిని మూసివేయుదునని ప్రకటించెను. వేలకొలది సభ్యులుండిరి. ఆయనను విసిగించినది సభ్యుల కలహములును, వానిలో తనపై వచ్చిపడిన దూషణలునే. ఆయన మూడు నెలల గడువిచ్చి మర్యాదగా తప్పుకొనెను. మేము ఆయనను తప్పు పట్టజాలము. ఒక్కని భుజములపై అంత బరువు మోపి నిశ్చింతగా నుండినవారినే యడుగవలసియున్నది.

మాస్టడాన్ సంస్థవారు తమ జాబితాలో చేర్చు సర్వరులకు 2019లో కొన్ని నియమములు పెట్టిరి. ద్వేషపు వ్రాతలను చురుకుగా నడ్డగింపవలెను. ప్రతిదినము ప్రతులు తీసి భద్రపఱుపవలెను. అత్యవసరమున సర్వరులో ప్రవేశింపగల రెండవ మనుష్యుడు ఒకడైనను ఉండవలెను. మూసివేయదలచినచో మూడు నెలల ముందు సభ్యులకు దెలుపవలెను. వీనిలో రెండవ మనుష్యుని నియమమును మేము మిక్కిలి గౌరవింతుము. తాళపుచెవి యొక్కనియొద్దనే యుండి, వానికి జబ్బు చేసినను, బదిలీయైనను, అలుక వచ్చినను, ఆ వేదికకు దిక్కు లేదు.

కావున మన వేదికకు మేము కోరునది యిది. కావలి పనిని ఇద్దఱిద్దఱుగా, మూడేసి నెలల వంతున సభ్యులే చేయవలెను. చందా మాత్రమిచ్చి వంతు తప్పించుకొను సభ్యత్వము ఉండరాదు. వృద్ధులకును రోగులకును మినహాయింపు చాలును. ధనవంతుడైన పూర్వ విద్యార్థి యొకడు ఖర్చంతయు నేనే భరింతుననిన యెడల, మర్యాదగా వలదనవలెను. అదే కారణముచేత మిషను సొమ్మును దీనికి వినియోగింపగూడదని మేము మనవి చేయుచున్నాము. పెద్దల యుదారతను మేము సంశయించుటలేదు గాని, వారి సొమ్ముతో నడచునది మిషను నోటీసు బల్ల యగును. ఉపాధ్యాయులమైన మాకును తాళపుచెవులు వలదు. తమ పాత ఉపాధ్యాయుడు కావలి కాయుచున్నాడని తెలిసినచో ముప్పదియేండ్ల వాడును బెంచీమీద నిలబడినట్లే మాటలాడును.

తొమ్మిది, పది తరగతుల పిల్లలనుగూడ చేర్చుకొనుడని కొందఱు కోరుచున్నారు. ఇందులకు మేము ఒప్పుకొనము. 2023లో మన దేశమున చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి వివరములను పుచ్చుకొనుటకు తలిదండ్రుల సమ్మతి రుజువుగా నుండవలెనని విధించుచున్నది. ఆ సమ్మతులను సేకరించి కాపాడు శక్తి జీతము లేని యిద్దఱు కావలివారికి లేదు. ఫిర్యాదులను పుచ్చుకొను నధికారి పేరును, చిరునామాయును ప్రకటింపవలెనను 2021 నాటి నియమము వేఱుగ నున్నది; ఆ పేరు ఎవరిదో మొదటనే తేలవలెను.

ఇంత చేసినను ఎవ్వరును రారేమో యను సందేహమొకటి యున్నది. 2019 నవంబరులో సుప్రీముకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే గారి ఖాతాను ట్విట్టరువారు నిలిపివేసినపుడు, మన దేశమునుండి పలువురు మాస్టడానునకు తరలిరి. ఆ యుత్సాహము చాలమందిలో నిలువలేదు. స్నేహితులున్నచోటికే మనుష్యుడు మరలును. మన వేదికకును అట్లే జరుగవచ్చును. నూఱుమంది నిలిచినను మాకు సంతోషమే. నూఱుమందికి కావలి కాయుట సాధ్యము, లక్షమందికి కాదు. వాట్సాపు గుంపును మూసివేయుడని మేము చెప్పుటలేదు. పెండ్లి పిలుపులకు అది చాలును.

సంఘమువారు చందా పుస్తకమును అచ్చు వేయింపదలచిరని విన్నాము. దానికి ముందు వేఱొక కాగితమును త్రిప్పవలెనని మా కోరిక: మొదటి సంవత్సరమునకు కావలి కాయుదుమని చేవ్రాలు చేయువారి పట్టిక. మూడేసి నెలలకు ఇద్దఱు చొప్పున ఎనిమిదిమంది కావలెను. ఆ ఎనిమిది చేవ్రాళ్లు వచ్చినచో మా చందాలును సిద్ధముగా నున్నవి.