కసాండ్రాకు రుజువు ఎందుకు? విజ్ఞాన కల్పనలో ప్రవక్త్రి పునఃకల్పనపై ఒక అభ్యంతరం

ప్రవేశిక

పురాణపాత్రల పునఃకల్పన తెలుగు శాఖల్లో స్థిరపడిన పరిశోధనాంశం. ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ, రేణుక, అహల్య, ఊర్మిళ పాత్రలను సీత ఎదుట నిలిపి మాట్లాడించిన తీరు మీద విస్తృతంగా చర్చ జరిగింది. ఆ చర్చ నుండి మనకొక కొలబద్ద ఏర్పడింది. మూలకథలో మౌనంగా ఉన్న స్త్రీకి గొంతునిస్తే పునఃకల్పన సఫలమైనట్లు, ఇవ్వకపోతే విఫలమైనట్లు. ఈ కొలబద్దను ప్రపంచ సాహిత్యంలోని విజ్ఞాన కల్పనలకు కూడా యథాతథంగా వర్తింపజేసే ధోరణి కనిపిస్తోంది. దానికి తోడు మరొక నమ్మకం చేరింది: దైవావేశంగా, ఉన్మాదంగా భావించిన స్త్రీ జ్ఞానానికి విజ్ఞాన కల్పన హేతుబద్ధమైన ఆధారాన్ని సమకూర్చి ఆమెను విముక్తం చేస్తుందని. గ్రీకు పురాణంలోని ట్రాయ్ రాజపుత్రి కసాండ్రా విషయంలో ఈ రెండూ తప్పుదారి పట్టిస్తాయని ఈ వ్యాసం వాదిస్తుంది.

కసాండ్రాకు గొంతు ఏనాడూ కొరవడలేదు. ఆమె మాట్లాడింది, హెచ్చరించింది, రోదించింది. ఆమెకు లేనిది వినే చెవి. కాబట్టి ఆమె కథలో వివరణ కోరే అంశం ‘ఆమెకు భవిష్యత్తు ఎలా తెలిసింది?’ అన్నది కానేకాదు. ‘విన్నవారు ఎందుకు నమ్మలేదు?’ అన్నదే అసలు ప్రశ్న. విజ్ఞాన కల్పన తన శక్తినంతా మొదటి ప్రశ్న మీదే వెచ్చించింది.

మూలంలో ఉన్నదేమిటి?

హోమర్ ‘ఇలియడ్’లో కసాండ్రా ప్రవక్త్రి కాదు. ప్రియామ్ కుమార్తెలలో సౌందర్యవతి. హెక్టర్ మృతదేహంతో తండ్రి తిరిగిరావడాన్ని ముందుగా చూసిన వ్యక్తి. ప్రవక్త్రిగా ఆమె సమగ్రరూపం క్రీ.పూ. 458లో ప్రదర్శితమైన ఎస్కిలస్ నాటకం ‘అగమెమ్నాన్’లో కనిపిస్తుంది. అపోలోకు మాట ఇచ్చి తప్పినందున తన పలుకులను ఎవరూ నమ్మరని అందులో ఆమే చెబుతుంది. సాధారణంగా మనం ఇక్కడే ఆగిపోతాం: దేవుడు శపించాడు కనుక నమ్మలేదు. అయితే నాటకం ఇక్కడ ఆగదు.

ఆర్గోస్ వృద్ధులతో కసాండ్రా మొదట మాట్లాడేది గతం గురించి. ఆ రాజగృహంలో పూర్వం జరిగిన శిశుహత్యలను, థయెస్టీస్ తన బిడ్డల మాంసాన్నే తిన్న వృత్తాంతాన్ని కళ్ళారా చూసినట్లు చెబుతుంది. సముద్రానికి ఆవల పెరిగిన పరాయి స్త్రీ తమ నగర రహస్యాన్ని ఇంత కచ్చితంగా చెప్పడం చూసి వృద్ధులు విస్తుపోతారు. ఆమె మాటలు తమకు నమ్మదగినవిగానే తోస్తున్నాయని అంగీకరిస్తారు కూడా. అంటే ఆమె జ్ఞానానికి రుజువు దొరికింది. దానిని వారు స్వీకరించారు. ఆ తరువాతనే ఆమె రాజు మరణాన్ని పేరు పెట్టి చెబుతుంది. వృద్ధులు నోరు మూసుకోమంటారు. ఈ ఘాతుకానికి పూనుకున్న పురుషుడెవరని అడుగుతారు. హంతకురాలు స్త్రీ అని అంతకుముందే ఆమె సూచించినా వారి ప్రశ్నలో పురుషుడే ఉన్నాడు. తాను గ్రీకు భాషలోనే చెబుతున్నానని ఆమె గుర్తు చేయవలసి వస్తుంది.

ఈ ఘట్టాన్ని జాగ్రత్తగా చదివితే శాపం ఒక మంత్రంలా పనిచేయడం లేదని తెలుస్తుంది. తమకు ఇబ్బంది కలిగించని గతం విషయంలో వృద్ధులు ఆమెను నమ్మారు. తమ చేత ఏదో ఒక పని చేయించగల భవిష్యత్తు విషయంలో నమ్మలేదు. రాణి రాజును చంపగలదన్న ఊహకు వారి ప్రపంచంలో చోటు లేదు. అవిశ్వాసానికి ఒక సామాజిక రూపం ఉంది. ఎస్కిలస్ దానిని ప్రశ్నోత్తరాల క్రమంలోనే చూపాడు.

రుజువు మీద భక్తి

ఇప్పుడు టెర్రీ గిలియమ్ దర్శకత్వంలో 1995లో వచ్చిన ‘12 మంకీస్’ చలనచిత్రాన్ని చూద్దాం. క్రిస్ మార్కర్ 1962 నాటి ‘లా జెతే’ దీనికి ప్రేరణ. మహమ్మారి తరువాతి కాలం నుండి గతంలోకి వచ్చిన జేమ్స్ కోల్‌ను 1990లో మానసిక చికిత్సాలయంలో బంధిస్తారు. కసాండ్రా పేరును చిత్రం నేరుగా ప్రస్తావిస్తుంది. మనోవైద్యురాలు కాథరిన్ రైలీ ఆ అంశంపైనే ప్రసంగిస్తుంది. ఇక్కడ ప్రవక్త పురుషుడు, నమ్మని శ్రోత స్త్రీ. ఈ తారుమారు నా ప్రధాన అభ్యంతరం కాదు. ఆమె ఎలా నమ్మిందన్నదే నా అభ్యంతరం. కోల్ కాలి నుండి తీసిన తూటా మొదటి ప్రపంచయుద్ధ కాలానిదని తేలుతుంది. ఆ యుద్ధకాలపు ఛాయాచిత్రంలో అతడు కనిపిస్తాడు. ఆమె సందేహం తొలగిపోతుంది. రుజువు వచ్చింది, నమ్మకం కలిగింది.

ఇది విజ్ఞాన కల్పన తన గురించి తాను చెప్పుకునే కథ. ఆధారం చూపితే వివేకవంతుడు మారతాడన్న విశ్వాసం ఆ ప్రక్రియకు పునాది. ఎస్కిలస్ ఆ విశ్వాసాన్ని ముందే పరీక్షించి పక్కన పెట్టాడు. ఆయన వృద్ధుల చేతిలో రుజువు ఉంది, అయినా కదలలేదు. మన కాలం ఎస్కిలస్ పక్షానే సాక్ష్యం చెబుతోంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో అంతర్ ప్రభుత్వ సంఘం ఏర్పడింది 1988లో. నాటి నుండి నివేదిక మీద నివేదిక వెలువడుతూనే ఉంది. కొరవడింది ఆధారమని ఎవరూ అనలేరు.

సాధనంగా మారిన ప్రవక్త్రి

ప్రవక్త్రిని పూర్తిగా నమ్మే సమాజాన్ని కూడా విజ్ఞాన కల్పన ఊహించింది. ఫిలిప్ కె. డిక్ 1956 నాటి కథ ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2002లో తీసిన ‘మైనారిటీ రిపోర్ట్’లో అగాథా అనే యువతి, మరో ఇద్దరు యువకులు జరగబోయే హత్యలను ముందే చూస్తారు. వారిని ద్రవం నింపిన తొట్టిలో ఉంచి, వారి దర్శనాలను తెరమీదికి ఎక్కించి, పోలీసులు నేరానికి ముందే మనుషులను బంధిస్తారు. కసాండ్రా శాపం తొలగినట్లే కనిపిస్తుంది. అయితే అగాథా పదేపదే చూసే దర్శనం ఒకటుంది. అది ఆమె తల్లి హత్య. యంత్రాన్ని నడిపేవారు దానిని ‘ప్రతిధ్వని’ అని, పాత దృశ్యం మళ్ళీ కనిపించడం మాత్రమేనని తోసిపుచ్చారు. ఆమె నుండి వెలువడిన సమాచారాన్ని రాజ్యం నమ్మింది. తనంతట తానుగా ఆమె చెప్పదలచిన ఒకే ఒక్క మాటను దోషంగా జమకట్టింది. ఈ చిత్రం ఆ సంగతిని గుర్తించింది. ఇక్కడ దాని యోగ్యతను కాదనలేము. ఆధారం ఉంటే విముక్తి కలుగుతుందనే విమర్శకులే ఈ దృశ్యానికి సమాధానం చెప్పాలి.

‘జమీల్యా’ రచయితగా తెలుగువారికి పరిచితుడైన చింగీజ్ ఐత్మాతోవ్ 1990ల నాటి నవల ‘కసాండ్రా ముద్ర’ మరింత చిక్కైన ఉదాహరణ. అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఫిలోఫేయ్ అనే సన్యాసి ఒక విషయాన్ని కనుగొంటాడు: రాబోయే కీడును పసిగట్టిన గర్భస్థ పిండాలు తాము పుట్టదలచుకోలేదని తెలుపుతాయి; ఆ సంకేతం తల్లి నుదుట మచ్చగా కనిపిస్తుంది. అతడు పోప్‌కు లేఖ రాస్తాడు. అతనిని సమర్థించిన భవిష్యత్ శాస్త్రవేత్త బోర్క్‌ను, ఎన్నికల అభ్యర్థి ఓర్డోక్ ద్రోహం తరువాత, మూక చంపుతుంది. శ్రోతల హింసను ఇంత నిక్కచ్చిగా చూపిన విజ్ఞాన కల్పన అరుదు. ఇది నవల గొప్పతనం. కానీ కసాండ్రా పేరు ఇక్కడ ఎక్కడికి చేరింది? స్త్రీ నోటి నుండి ఆమె నుదుటి మీదికి. సంకేతాన్ని మోసేది స్త్రీ. చదివేది, వ్యాఖ్యానించేది, దానికోసం చనిపోయేది పురుషులు. ఎదురు నిలిచి వాదించే రూనా అనే ఖైదీ సైతం ఫిలోఫేయ్ పశ్చాత్తాప కథనంలో భాగంగానే మనకు వినిపిస్తుంది. ప్రవచనానికి జీవశాస్త్ర ఆధారం లభించిన చోటే ప్రవక్త్రి వక్తగా మిగలలేదు.

రెండు అభ్యంతరాలు, సమాధానాలు

అవిశ్వాసాన్ని చిత్రించడం విజ్ఞాన కల్పన ధర్మం కాదని, అది వాస్తవికవాద నవల పని అని ఎవరైనా అనవచ్చు. ఒక సమాజాన్ని పునాదుల నుండి ఊహించే స్వేచ్ఛ ఉన్న ప్రక్రియకు ఈ మినహాయింపు తగదు. క్రిస్టా వోల్ఫ్ 1983 నాటి ‘కసాండ్రా’ విజ్ఞాన కల్పన కాదు. అయినా హెలెన్ ట్రాయ్‌లో లేదన్న సత్యాన్ని రాజభవనం ఎలా దాచిందో, యూమెలోస్ రక్షణ వ్యవస్థ నగరమంతటా ఎలా విస్తరించిందో అది మెట్టు మెట్టుగా చూపింది. నమ్మకపోవడం ఒక ఏర్పాటని, దానికి నిర్మాతలు ఉంటారని ఆ నవల నిరూపించింది. గ్రహాంతర సమాజాలను నిర్మించగలిగిన ప్రక్రియకు ఇది అసాధ్యం కాకూడదు.

మనకు వీరబ్రహ్మం కాలజ్ఞానం ఉంది కనుక కసాండ్రాను ఆ వెలుగులో చదవవచ్చన్నది రెండవ వాదన. ఈ పోలిక ఆకర్షణీయమే కాని నిలవదు. కాలజ్ఞానం నమ్మేవారి మధ్య బతుకుతుంది. ఘటన జరిగాక దానిని వచనంతో సరిపోల్చే శ్రోతలే ఆ సంప్రదాయాన్ని నిలబెడుతున్నారు. కసాండ్రా కథలో శ్రోతలే లోపం. భవిష్యత్తు చెప్పడం ఒక్కటే సామ్యంగా తీసుకుంటే రెండింటినీ పోగొట్టుకుంటాం.

ముగింపు

‘గొంతునివ్వడం’ అన్న కొలబద్ద మౌనపాత్రలకు సరిపోతుంది. మాట్లాడి, వినబడి కూడా తిరస్కృతులైన పాత్రలకు వేరొక కొలబద్ద కావాలి. పునఃకల్పన శ్రోతను ఎక్కడ నిలిపింది? అవిశ్వాసం వల్ల ఎవరికి ప్రయోజనం? రుజువు అడిగే హక్కు ఎవరిది, దానిని ఎన్నిసార్లు అడగవచ్చు? ప్రవక్త్రి పాత్రపై పరిశోధన చేసేవారు ఈ ప్రశ్నలతో మొదలుపెట్టాలని నా ప్రతిపాదన.

ఎస్కిలస్ నాటకంలో కసాండ్రా లోపలికి వెళ్ళిన కొద్దిసేపటికే రాజు ఆర్తనాదం వినిపిస్తుంది. వృద్ధులు ఒక్కొక్కరుగా అభిప్రాయం చెబుతారు. కేకలు విన్నంత మాత్రాన రాజు చనిపోయాడని ఎలా నిర్ణయించగలమని వారిలో ఒకరు సందేహిస్తారు. కచ్చితంగా తెలుసుకున్నాకే మాట్లాడదామని మరొకరు అంటారు. తలుపులు తెరుచుకునే సరికి రెండు శవాలు ఉంటాయి. వాటిలో ఒకటి కసాండ్రాది.