హెచ్‌ఈసీ అంటే అంత చిన్నచూపా?

పదో తరగతి పాసైన మా అమ్మాయి "అమ్మా, నేను హెచ్‌ఈసీ తీసుకుంటా" అంది. "మంచి మార్కులొచ్చాయిగా, ఎంపీసీలో చేర్చండి" అన్నారు మా అత్తయ్యగారు.

నాగారం చుట్టుపక్కల మేం తిరిగిన ప్రైవేటు కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ, మహా అయితే సీఈసీ. చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ కలిపి చదవాలంటే ప్రభుత్వ జూనియర్ కాలేజీని వెతుక్కోవాల్సిందే. చిత్రమేమిటంటే, ఇంజినీరింగ్ అయ్యాక గ్రూప్-1, గ్రూప్-2 కోచింగుల్లో కూర్చుని పిల్లలు చదివేది మళ్లీ ఈ చరిత్రా, రాజ్యాంగమూ, ఆర్థిక వ్యవస్థే!

బీఏ తెలుగు చదివిన నన్ను "దాంతో ఏం లాభం?" అన్నవాళ్లున్నారు. ఆ మాట నా కూతురు పడకూడదని తనని బలవంతంగా లెక్కల్లోకి తోస్తే, నేనూ వాళ్లలో ఒకదాన్నే అవుతాను. అందుకే సరేనన్నాను. మీరైతే ఏమంటారు?