ఆటల కంప్యూటరూ, చీటీ డబ్బూ

తెనాలి నుంచి ఒక సోదరి రాశారు: "మా అబ్బాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. కంప్యూటరు కొనిపెడతానని మాట యిచ్చాను. చీటీ పాడగా వచ్చిన 60,000 రూపాయలున్నాయి. యింకా 11 వాయిదాలు కట్టాలి. వాడు విడిభాగాలు కొని తనే బిగించుకుంటానంటాడు. చదువుతోపాటు ఆటలు కూడా ఆడాలట. సికింద్రాబాదులో ఒక దుకాణంవారు రాసిచ్చిన జాబితా పంపుతున్నాను. మావారు శుద్ధ దండుగంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

జాబితా చూశాను. అందులో అన్నిటికన్నా ఖరీదైనది పన్నెండు కోర్ల ప్రాసెసరు. తర్వాత రంగురంగుల దీపాలు వెలిగే అద్దాల కాబినెట్టు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం మిగిలిన డబ్బుకి ఏదొస్తే అది. పందిరి ఘనంగా వేసి, విస్తరిలో చారూ అన్నంతో సరిపెట్టినట్టుంది. పైగా మోనిటరు మాటే లేదు!

ఆటలో బొమ్మ గీసేది కార్డు. మామూలు మోనిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే సుమారు 20 లక్షల 70 వేలు. వీటిని సెకనుకి 60 సార్లు గీస్తేగాని ఆట సాఫీగా సాగదు. 4కె మోనిటరుకైతే చాకిరీ సరిగ్గా నాలుగింతలు. అంచేత ముందు మోనిటరు నిర్ణయించుకుని, దానికి తగ్గ కార్డు చూడాలి. మీ డబ్బుకి 1080 చాలు. కార్డు కొనేట్టయితే మొత్తంలో మూడోవంతు దానికే కేటాయించాలి. ప్రాసెసరు ఆరు కోర్లది చాలు సుమండీ.

ఏ ఆటలో కూడా అడగండి. వాలొరాంట్‌లాంటివి చిన్న కార్డుమీదా నడుస్తాయి. సైబర్‌పంక్ 2077లాంటివి కార్డుని పిండేస్తాయి.

మరో సంగతి. జాబితాలోని ఇంటెల్ ప్రాసెసరు నంబరు చివర 'ఎఫ్' అనే అక్షరం వుంది. అంటే దానిలో బొమ్మ చూపించే ఏర్పాటు లేదన్నమాట. కార్డు పాడైతే తెర చీకటే, చదువూ ఆగుతుంది. చివర 'జి' వున్న ఎ.ఎమ్.డి. రైజెన్‌లలో ఓ మాదిరి గ్రాఫిక్స్ లోపలే వుంటాయి. నన్నడిగితే యిప్పుడు కార్డు లేకుండా యిది కొని, చీటీ వాయిదాలు తీరాక కార్డు పెట్టుకోమంటాను. అంతవరకూ చిన్న ఆటలకి లోటుండదు. అయితే మెమరీ 16 జి.బి. ఒకే ముక్కగా కాక, ఎనిమిదేసివి రెండు తీసుకోవాలి. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేదీ ఆ మెమరీనే గనక, రెండు దారులుంటే వేగం బాగా పెరుగుతుంది. 2025 చివర్లో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కేంద్రాలకి గిరాకీ ఎక్కువై మనదాకా వచ్చిన బాధ అది. పాత జాబితా ధరలు నమ్మకండి. డి.డి.ఆర్.4 ముక్క డి.డి.ఆర్.5 బోర్డులో పట్టదు, అదీ చూసుకోవాలి.

పవర్ సప్లయి దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. జాబితాలో కంపెనీ పేరైనా లేదు. ఆర్.టి.ఎక్స్. 4060 అనే 2023 నాటి కార్డు తినేది 115 వాట్లు. ప్రాసెసరు 65 అనుకున్నా, అన్నీ కలిసి 300 దాటవు. కనక 750 వద్దు, మంచి కంపెనీ 550 చాలు. '80 ప్లస్' గుర్తు కరెంటు ఎంత వృథా కాదో చెబుతుందిగాని మన్నికకి హామీ కాదు. అయిదేళ్ల వారంటీ వున్నది చూడండి. నాసిరకంది పోతూ పోతూ బోర్డునీ వెంట తీసుకుపోవచ్చు. గోడ ప్లగ్గుకి ఎర్తింగు వుందో లేదో యిప్పుడే చూపించుకోండి.

సెకండ్‌హాండ్ కార్డు చవగ్గా యిస్తామంటారు. 2022 సెప్టెంబరుదాకా ఇథీరియం తవ్వకానికని రాత్రింబవళ్లు తిప్పిన కార్డులు తర్వాత అమ్మకానికొచ్చాయి. అన్నీ చెడ్డవి కావు, ఫాన్లు అరిగుండవచ్చు. ఎదురుగా అరగంట నడిపించి, అసలు బిల్లు చూపిస్తేనే మాట్లాడండి.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్తే ఒక్క దుకాణంతో ఆగకండి, రెండు మూడు చోట్ల ధర అడగండి. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లులో రాయించాలి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నారంటే వారంటీ పోయిందన్నమాటే.

మీవారి భయం కొట్టిపారెయ్యతగ్గది కాదు. రాత్రి రెండింటిదాకా ఆటలాడితే ఏ ప్రాసెసరూ పరీక్ష రాసిపెట్టదు. కంప్యూటరు వాడి గదిలో కాక హాల్లో పెట్టించండి. బిగించేటప్పుడు తొందర వద్దు. ప్రాసెసరుని వేలితో నొక్కకూడదు. గుర్తులు కలిపి వదిలితే దానంతటదే కూర్చుంటుంది. సన్న మరలు కింద పడితే దొరకవు. టార్చిలైటు పట్టుకోమని మీవారినే కూర్చోబెట్టండి.