పంటికి చెల్లని పాలసీలు

ఆరోగ్య బీమా గురించి మన మహల్లాల్లో చర్చ మొదలైతే సాధారణంగా రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. హలాలా, హరామా అన్నది మొదటిది. ఏడాదికి ఎంత కట్టాలన్నది రెండోది. కట్టినదానికి ఏమి దక్కుతుందన్న మూడో ప్రశ్న అడిగేవారు తక్కువ. దంత వైద్యం విషయంలో మన కుటుంబాలు మోసపోతున్నది ఈ మూడో ప్రశ్న దగ్గరే.

ధార్మిక ప్రశ్నను తేలికగా తీసుకోమని మేము చెప్పడం లేదు. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వాణిజ్య బీమాను నిషిద్ధమనీ, పరస్పర సహకారంపై నడిచే తకాఫుల్ సమ్మతమేననీ తీర్మానించింది. సౌదీలో పనిచేసే మన కడప, నిజామాబాద్ యువకులకు యజమాని చేయించే బీమా అక్కడి చట్టం ప్రకారం సహకార పద్ధతిలోనే నడవాలి. పరిమిత మొత్తానికి పన్ను వైద్యం కూడా అందులో ఉంటుంది. మన దేశపు బీమా చట్టంలో తకాఫుల్‌కు ప్రత్యేక స్థానం లేదు. అవసరాన్ని బట్టి బీమాను అనుమతించే ఉలమాలూ ఉన్నారు, వద్దనేవారూ ఉన్నారు. ఎవరు విశ్వసించే ఆలిమ్‌ను వారు అడగవలసిందే. అయితే అడగడానికి ముందు ఆ పాలసీలో ఏముందో మనకు తెలిసి ఉండాలి కదా!

ఏముందంటే, పంటి విషయంలో దాదాపు ఏమీ లేదు. మార్కెట్లో దొరికే ఆరోగ్య పాలసీలలో అత్యధికం ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం తయారైనవి. పుచ్చు పన్నుకు ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్యాప్, కట్టుడు పళ్లు వంటివన్నీ దంతవైద్యుని కుర్చీలో కూర్చుని చేయించుకుని అదే పూట ఇంటికి వచ్చేవి. ప్రమాదంలో దవడ విరిగి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటి ఖర్చు రాదని పాలసీ పత్రంలోని మినహాయింపుల భాగంలో సాధారణంగా రాసే ఉంటుంది. ఏజెంటు చేతిలోని రంగుల కరపత్రంలో ‘డెంటల్’ అన్న మాట కనిపించినంత మాత్రాన అది మన రూట్ కెనాల్ కాదు.

కొన్ని సంస్థలు అదనపు ప్రీమియంతో దంత వైద్యాన్ని జోడిస్తున్నాయి. ఇక్కడ కావలసింది కేవలం కూడికలు తీసివేతలు. ఉదాహరణకు, ఏడాదికి 3,000 రూపాయలు అదనంగా కడితే 5,000 వరకు ఇస్తామన్నారనుకుందాం. మొదటి కొన్ని నెలలు క్లెయిమ్ కుదరదంటే, బిల్లులో సగమే ఇస్తామంటే, వారి జాబితాలోని క్లినిక్ మన ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇక మిగిలేదేమిటి? అటువంటి కుటుంబం ఆ 3,000ను ఇంట్లో విడిగా దాచుకోవడమే మేలని మా అభిప్రాయం. ఇక గుండె, మూత్రపిండాల వంటి పెద్ద జబ్బులకు తీసుకునే పాలసీ సంగతి వేరు. దాని మంచిచెడులు పంటిని బట్టి తేల్చకూడదు.

ఏది తీసుకున్నా, పాలసీ ముఖ్యాంశాల పత్రాన్ని స్థానిక భాషలో ఇవ్వమని అడిగే హక్కు మనకుంది. పాలసీ అందిన 30 రోజుల్లోగా నచ్చలేదని తిప్పి పంపవచ్చు. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు, వకీలు అక్కర లేదు.

కొనవలసిన పాలసీకన్నా ముందు, ఇప్పటికే మనకు రావలసినది చూసుకోవాలి. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. కార్మికుని వాటా వేతనంలో 0.75 శాతం మాత్రమే. పంటి చికిత్సతో సహా కుటుంబానికంతటికీ వైద్యం అందులో భాగం. మన పిల్లలు పనిచేసే హోటళ్లు, షోరూములు, ప్రైవేటు పాఠశాలలలో ఎన్నింటిలో యజమాని ఈ పేర్లు నమోదు చేయించాడు? యజమాని మన బంధువే అయినచోట కూడా ఈ ప్రశ్న అడగాలి. అక్కడే ఎక్కువ మొహమాటం.

ఈఎస్‌ఐ పరిధిలోకి రానివారే మనలో ఎక్కువ. ముస్లింలు స్వయం ఉపాధిపై ఎంతగా ఆధారపడి ఉన్నారో 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆటో నడిపేవారికి, పంక్చర్ దుకాణం పెట్టుకున్నవారికి, ఇంట్లో జరీ పనిచేసే ఆడపడుచుకు రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ తప్ప మరో ఆధారం లేదు. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అందులో ఉంది. మామూలు పుచ్చు పన్నుకు ఫిల్లింగ్ లేదు. గుట్కా, జర్దా నమిలే నోటిలో తెల్లమచ్చను దంతవైద్యుడు తొలిదశలోనే గుర్తించగలడు. ఆ పరీక్షకు డబ్బు లేదంటూ, దవడ కోసే దశ వచ్చాక లక్షలు చెల్లించడం ఏ లెక్కన పొదుపో ప్రభుత్వమే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి సీజీహెచ్‌ఎస్ కింద దంత వైద్యం హక్కుగా అందుతోంది. ఆటో డ్రైవరు పంటికి నొప్పి తక్కువా?

మిస్వాక్ సున్నత్‌ను ఇంత ప్రేమగా చెప్పుకునే సమాజం ఈ కోరికను వినతిపత్రంగా రాసి ప్రజాప్రతినిధుల చేతిలో పెట్టడానికి ఎందుకు వెనుకాడాలి? ఫిల్లింగ్, రూట్ కెనాల్, వృద్ధులకు కట్టుడు పళ్లు, ఏడాదికి ఒకసారి నోటి పరీక్ష – ఈ నాలుగూ రెండు రాష్ట్రాల పథకాలలోనూ చేర్చాలి. పట్టణ ఆరోగ్య కేంద్రాలలో దంతవైద్యుని కుర్చీ ఉండాలి. మస్జిద్ కమిటీలు జుమా తరువాత సంతకాలు సేకరిస్తే ఒక నెలలో పూర్తయ్యే పని ఇది.

అంతవరకు నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోనక్కరలేదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. వరుసలో నిలబడాలి, ఒక్కోసారి రెండు మూడు మార్లు తిరగాలి. ఆధార్, రేషన్ కార్డులు వెంట తీసుకుని ఉదయాన్నే వెళ్లండి.