తలుపుకు అంటించిన కాగితమే తీర్పు కాకూడదు

సర్జాపుర హోబ్లీలోని తెలుగువారికి విన్నపం.

మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వచ్చి ఇక్కడ అద్దెకుంటాం. రెండేళ్లకో ఇల్లు మారుతాం. కోర్టు సమన్లు మాత్రం పాత చిరునామాకే వస్తాయి. తాళం చూసి, తలుపుకు కాగితం అంటించి కోర్టు అమీనా వెళ్లిపోతాడు. అపార్ట్‌మెంటయితే వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకుంటాడు. అది పార్సిళ్ల కిందికి చేరుతుంది. వాయిదా నాడు మన పేరు పిలిస్తే పలికేవారుండరు. ఎక్స్‌పార్టీ! మన మాట వినకుండానే డిక్రీ వచ్చేస్తుంది. జీతం జప్తుకు వచ్చాకే మనకు తెలుస్తుంది.

చట్టం కోరింది ఇది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 15వ రూలు ప్రకారం, మనిషి ఇంట లేక, అతని తరఫున అందుకునే అధికారమున్న ఏజెంటూ లేకపోతే సమన్లు అందుకోదగినవారు అతనితో కలిసి ఉండే వయసొచ్చిన కుటుంబసభ్యులే. పనివాడు కుటుంబసభ్యుడు కాడని ఆ రూలే చెబుతుంది. మరి గేటు దగ్గరి వాచ్‌మన్ సంతకం ఎలా చెల్లుతుంది? ఇక అంటించడానికి ముందు మనిషి కోసం గట్టిగా వెతకాలి. ఇల్లు చూపించినవారి పేరు, సాక్షుల పేర్లు రాసి కోర్టుకివ్వాలని 17వ రూలు.

అందుకే మన తాలూకాలోని ఆనేకల్ కోర్టును ఒక అర్జీలో ఇలా కోరుతున్నాం. ఎక్స్‌పార్టీ అని రాసేముందు అమీనా ఇచ్చిన రిపోర్టును ఒక్కొక్క పేరూ చూడండి. ఫోన్ నంబరు ఉంటే కబురు పంపించండి. కన్నడ చదవరానివారికి సమన్లతో పాటు తెలుగులో ఒక్క పేజీ జతచేయండి. దావా వేసినవారికి దీనివల్ల అన్యాయమేమీ జరగదు. వారి బాకీ నిజమైతే విచారణలో నిలుస్తుంది.

డిక్రీ అయిపోయినవారు కుంగిపోకండి. 9వ ఆర్డరు 13వ రూలు కింద దాన్ని రద్దు చేయమని అదే కోర్టును అడగవచ్చు. గడువు 30 రోజులే: మామూలుగా డిక్రీ తేదీ నుంచి, సమన్లు సరిగా అందనప్పుడు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి. ఖర్చులు కట్టమని, సొమ్ము కొంత జమ చేయమని కోర్టు షరతు పెట్టవచ్చు. ఆలస్యమైతే కారణం చూపి మన్నింపు కోరాలి. వాయిదా తేదీ ముందే తెలిసి, వెళ్లే వ్యవధి ఉండి కూడా ఊరుకున్నవారికి సమన్లలోని చిన్న లోపం అక్కరకు రాదు. విచారణ ఇంకా నడుస్తుంటే వెంటనే వెళ్లండి. ఒక వాయిదాకు రానంత మాత్రాన తలుపు మూసుకుపోదని 1955లోనే సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

వకీలు ఖర్చు భరించలేనివారు న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. పాత ఇంటికి ఏదైనా కాగితం వచ్చిందేమో ఈ రోజే కనుక్కోండి. కోర్టుకిచ్చే అర్జీ మీద మీరూ సంతకం చేయండి.